కాస్త మర్యాద తగ్గించండి బాబూ

మర్యాద కాస్త తగ్గించుకోండని షాపు షాపుకీ తిరిగి బతిమాలిన మనిషిని ఈ అమలాపురంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. నవ్వినవాళ్ళు నవ్వారు, నొచ్చుకున్నవాళ్ళు నొచ్చుకున్నారు. "రిటైరయ్యేక మేడం గారికి ఏదో అయిందండీ పాపం" అని నా వెనకాల జాలిపడ్డవాళ్ళూ ఉన్నారు. ఏం చేయను మరి? నా చేతిలో ఉన్నవి ఆరు వారాలు. ఆ ఆరు వారాలూ గడిచేసరికి ఒక అమ్మాయి చదువు నిలబడుతుందో ఊడుతుందో తేలిపోతుంది.

మొదటినుంచీ చెప్తాను. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పీ చెప్పీ రిటైరై, పూలకుండీల మీదా మా అక్క మీదా అరుస్తూ కాలక్షేపం చేస్తున్న రోజులవి. ఊరి బయట కాలేజీ ప్రిన్సిపాల్ ఒకనాడు మా ఇంటికి వచ్చాడు. ఒకప్పుడు నా క్లాసులో వెనక బెంచీ. కూర్చోమంటే కూర్చోకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పీజీ చదవడానికి పైదేశాల నుంచి ఏడుగురు వచ్చేరండి మేడం గారూ. సబ్జెక్టులో గట్టివాళ్ళేనండి. ఇంగ్లీషు దగ్గరే వచ్చింది చిక్కు. వాళ్ళ చదువంతా వేరే భాషల్లో అయిందండి. క్లాసులు మొదలయ్యేలోపు ఆరు వారాలు ఇంటెన్సివ్ ట్రైనింగ్ ఇవ్వాలండి. మీరు కాదంటే నాకింకెవరూ లేరండి."

వంటింట్లోంచి అక్క కేకేసింది. "ఇంటెన్సివా? అంత సీరియస్‌గా ఉన్నారటే పిల్లలు?"

అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. మిషన్ ఆస్పత్రిలో నర్సుగా మొదలై, మస్కట్‌లో చాలా ఏళ్ళు చేసి, ఇప్పుడు నాతోనే ఉంటోంది. ఇంటెన్సివ్ అన్నమాటకి ఆవిడకి తెలిసిన అర్థం ఒకటే, ఐసీయూ. ప్రిన్సిపాల్ నవ్వు ఆపుకుని అసలు షరతు చెప్పాడు. చివరి రోజున కమిటీ ముందు ఒక్కొక్కరూ పది నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడాలి, అడిగినవాటికి జవాబు చెప్పాలి. చెప్పగలిగితే సీటు, లేకపోతే తిరుగు విమానం.

ఏడుగురిలో ఆరుగురు మగపిల్లలు. తప్పో ఒప్పో గడగడా మాట్లాడేసే రకం. అలాంటివాళ్ళతో నాకు బెంగ లేదు, తప్పులు దిద్దొచ్చు. ఏడో మనిషి అమ్మాయి. మొజాంబిక్ నుంచి వచ్చింది, చదువంతా పోర్చుగీసులో. ముప్పై ఏళ్ళుంటాయి. వాళ్ళ దేశంలో వ్యవసాయ శాఖలో ఉద్యోగం, సెలవు పెట్టి వచ్చింది. వాళ్ళ ఊరు కూడా మనలాగే సముద్రం పక్కన కొబ్బరి నేల. తెగులు తగిలి తోటలకి తోటలు ఎండిపోయాయట. ఆ తెగులు సంగతి చదువుకుని, తిరిగెళ్ళి మళ్ళీ మొక్కలు నాటించాలని ఆమె కోరిక. ఇదంతా ఆమె నాతో చెప్పింది కాదు, దరఖాస్తులో రాసి ఉంది. ఆమె నోట్లోంచి మొదటి వారం నేను విన్నవి మూడే: గుడ్ మార్నింగ్, థాంక్యూ, సారీ.

పొద్దున్న పాఠం. మధ్యాహ్నం బజారు పని. ఇది నా సొంత పద్ధతి, దీని మీద నాకు గర్వం కూడా. ఒక్కొక్కరికీ ఒక చీటీ ఇస్తాను. ఒకరికి కొబ్బరినూనె కొనడం, ఒకరికి గడియారం బాగుచేయించడం, ఒకరికి కొన్న చొక్కా తిరిగిచ్చి వేరే సైజు తేవడం. అంతా ఇంగ్లీషులోనే జరగాలి. వేలు పెట్టి చూపించకూడదు. మా బజార్లో సగం మంది గల్ఫ్ వెళ్ళొచ్చినవాళ్ళే, ఇంగ్లీషుకి కొదవలేదు. క్లాసులో రాని మాట కౌంటరు ముందు నిలబడితే తన్నుకుంటూ వస్తుందని నా నమ్మకం.

ఆ అమ్మాయికి ఇచ్చిన ప్రతి పనీ అరగంటలో అయిపోయేది. అందరికంటే ముందు తిరిగొచ్చేది. చేతిలో చెప్పిన వస్తువు, దానితోపాటు చక్కెరకేళీ అరటిపళ్ళ అత్తం ఒకటి, ఎవరో ఇచ్చిన పూతరేకుల పొట్లం. నాకు ఎంత సంబరమో! "చూశావా, నీళ్ళలో పడేస్తే ఈత అదే వస్తుంది" అని అక్క దగ్గర గొప్పలు కూడా పోయాను.

రెండో వారం చివర ఉత్తుత్తి పరీక్ష పెట్టాను. అందరి ముందూ నిలబడి మీ ఊరి గురించి చెప్పమన్నాను. ఆమె లేచి నిలబడింది. నోరు తెరిచింది, మూసింది. పుస్తకం మూలని మడిచింది, విప్పింది. రెండు వాక్యాలు కూడా రాలేదు. కూర్చుని తల దించుకుంటే కళ్ళనీళ్ళు బల్ల మీద పడ్డాయి. మరి బజారు పనులన్నీ ఎలా చేసుకొచ్చినట్టు?

మర్నాడు ఆమెకి తెలియకుండా వెనకాలే వెళ్ళాను. చీటీలో ఉన్నది తలనొప్పి మాత్ర. మందుల షాపు మెట్టు మీద కాలు పెట్టిందో లేదో, షాపాయన లేచి స్టూలు వేశాడు. "రండమ్మా రండి. ఎండలో వచ్చేరు. కూర్చోండి." ఆమె, "ఐ..." అంది. "ఆయ్, అర్థమైందండి" అని మొహం చూసే మాత్ర తీసి చేతిలో పెట్టాడు. మంచినీళ్ళు కూడా ఇచ్చాడు. పక్కన టిఫిన్ సెంటర్ దగ్గర ఆమె ఆగనైనా ఆగలేదు, పెసరట్టు బల్ల మీదకి వచ్చేసింది. ఆటో అతను ఎక్కడికని అడక్కుండా హాస్టలు వైపు తిప్పాడు. ఊరు ఊరంతా కలిసి ఆ పిల్లకి నోరు విప్పే అవసరం లేకుండా చేసేసింది! రెండు వారాల్లో ఆమె నేర్చుకున్న మాట ఏదైనా ఉందంటే అది అవునండికి బదులు మేమనే ఆయ్ ఒక్కటే. అది మాత్రం మనవాళ్ళకంటే బాగా అంటోంది.

ఇక ఆగలేకపోయాను. ఆ సాయంత్రమే షాపు షాపూ ఎక్కాను. "బాబూ, మీకు దణ్ణం పెడతాను. ఆ అమ్మాయి వస్తే అర్థం కానట్టు నటించండి. వాక్యం మొత్తం పూర్తయ్యేదాకా ఏమీ ఇవ్వకండి."

టిఫిన్ సెంటరాయన అట్లకాడ పక్కన పెట్టేశాడు. "అదేం మాటండీ మేడం గారూ? దేశంకాని దేశం నుంచి వచ్చిన ఆడపిల్ల నోరు తెరిచి అడిగేదాకా పళ్ళెం పెట్టకుండా కూర్చోబెట్టమంటారా? మాకు పుట్టగతులుంటాయాండీ?"

"అడిగితేనే పెట్టండి. అడగనివ్వండి, అంతే."

"అడిగించుకుని పెట్టేది కూడా ఒక పెట్టడమేనాండీ?"

పరీక్ష సంగతి చెప్పాను, పోతే ఇంటికి పంపేస్తారని చెప్పాను. ఆయన మొహం మాడిపోయింది. "అయ్యయ్యో. అయితే నటిస్తానండి. ఆయ్. ప్రయత్నం చేస్తానండి."

చేశాడు పాపం. ఆమె వచ్చినప్పుడు గోడవైపు తిరిగి నిలబడ్డాడట, చూస్తే ఆగలేనని. ఆయన భార్య వెనకనుంచి వచ్చి అట్టు పెట్టేసింది. మందుల షాపాయన గొంతు గట్టిచేసుకుని "వాట్ డూ యూ వాంట్?" అన్నాడట. ఆమె బెదిరి రెండడుగులు వెనక్కి వేసేసరికి ఆయనకి చెమటలు పట్టి, సారీ అమ్మా సారీ అని బామ్ డబ్బా ఒకటి ఊరికే ఇచ్చి పంపాడట. ఆటో అతను నయం. "ఎక్కడికండీ?" అని అడిగాడు, ఆమె ఆలోచించుకునేలోపే హాస్టలుకి తీసుకుపోయాడు. కోనసీమ వాళ్ళని ఏ పనైనా చేయమనండి, చేస్తారు. వచ్చినవాళ్ళని నిలబెట్టమంటే మాత్రం వాళ్ళవల్ల కాదు.

ఇంటికొచ్చి అక్క ముందు ఊరందరినీ దులిపేశాను. అక్క కొబ్బరాకుల్లోంచి చీపురుపుల్లలు తీసుకుంటూ అంతా విని, తల ఎత్తకుండా అంది. "ముందు నీ నోరు కట్టుకోవే."

"నేనేం చేశాను?"

"ఆ పిల్ల మొన్న మనింట్లో భోంచేసింది. ఒక్క మాట పూర్తిచేయనిచ్చావా? అది అ అంటే నువ్వు అమలాపురం అనేస్తున్నావు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ముప్పై రెండేళ్ళు పాఠం చెప్పినదాన్ని, నాకు చెప్తుందా ఈవిడ! విసవిసా గదిలోకి పోయి తలుపేసుకున్నాను. పిల్లలకి చూపించడానికని క్లాసులన్నీ ఫోన్లో రికార్డు చేస్తున్నాను. అక్క మాట అబద్ధమని తేల్చేద్దామని ఒకటి పెట్టుకుని విన్నాను.

ఆమె గొంతు: "మా ఊళ్ళో..." నా గొంతు: "కొబ్బరి చెట్లు!" ఆమె: "అవి..." నేను: "చచ్చిపోయాయి, అంతేనా?" ఆమె: "అవునండి." నేను: "వెరీ గుడ్!"

వెరీ గుడ్ ఎవరికి? మాట్లాడిందంతా నేనే. ఇంకోటి పెట్టాను, అదీ అంతే. ఊళ్ళోవాళ్ళు ఆమెకి పెసరట్టు పెట్టారు, నేను ఏకంగా ఆమె మాటలు ఆమె నోట్లో పెట్టాను. వాళ్ళని అనే హక్కు నాకెక్కడిది? సిగ్గేసింది, ఏడుపొచ్చింది, కాసేపటికి నవ్వూ వచ్చింది. తలుపు తీసుకుని వెళ్ళి అక్క పక్కన కూర్చున్నాను.

అక్క గెలిచానని ఎగరలేదు. "ఆపరేషనైన పేషెంటు మర్నాడు లేచి నడవాలే. అయినవాళ్ళంతా అటొకరూ ఇటొకరూ పట్టుకుంటారు. పట్టుకుంటే కాలు కదలదు. వాళ్ళని గది బయటకి తరమడమే నర్సు పని. రేపటినుంచి మధ్యాహ్నాలు ఆ పిల్లని నా దగ్గరకి పంపు. నువ్వు మాత్రం కనపడకు."

మర్నాడు ఆమె వచ్చేసరికి అక్క అరుగు మీద కొబ్బరాకులూ కత్తిపీటా ముందేసుకుని కూర్చుంది. ఆమె ఏదో మెల్లిగా అంది. అక్క చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఏంటీ? లౌడర్! చెవులు వినబడవు నాకు" అని ఇంగ్లీషులో అరిచింది.

కిటికీ వెనక నిలబడ్డ నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. పక్కింట్లో గుసగుసలాడుకుంటే ఇక్కణ్ణించి జవాబు చెప్పే చెవులు మా అక్కవి!

"ఆకు." "ఏం ఆకు? ఫుల్ సెంటెన్స్!" "ఇది... కొబ్బరి... ఆకు." "అయితే ఏంటి? నాకు తెలీదా?" ఆ పిల్ల బిక్కమొహం పెట్టింది. నాకు పరిగెత్తుకెళ్ళి అడ్డం పడాలనిపించింది. కిటికీ ఊచ పట్టుకుని ఆగాను. అరనిమిషమైంది, నిమిషమైంది. నాకైతే ఒక యుగం. అప్పుడు ఆమె కత్తిపీట పక్కకి జరిపి, ఆకు తీసుకుని, రెండు గోళ్ళతో ఒక్క లాగు లాగింది. ఈనె తెల్లగా, శుభ్రంగా ఊడొచ్చింది. అక్క కంటే వేగంగా.

"ఇలా కాదు తీసేది, తప్పు" అంది అక్క. అబద్ధం, అది తప్పూ కాదు ఏమీ కాదు.

ఆ పిల్లకి కోపం వచ్చింది. నేను మొదటిసారి చూడటం. తడుముకుంటూ, ఆగుతూ, వెనక్కెళ్ళి మళ్ళీ మొదలుపెడుతూ ఒక వాక్యం మొత్తం తనే అంది. "మా అమ్మ ఇలాగే తీస్తుంది, మా అమ్మమ్మ ఇలాగే తీసింది, మీ పద్ధతే ఆలస్యం."

"ఏంటీ? వినబడలేదు" అంది అక్క.

ఆమె ఈసారి కేకేసి చెప్పింది, వీధి చివరకి వినబడేలా.

ఇక చూడాలి ఆ మధ్యాహ్నాలు! రోజూ ఒక పేచీ. కొబ్బరికాయ మీది గొప్పా మాది గొప్పా అని ఒకరోజు. ఇంటి కప్పుకి ఆకు అల్లడం మీకు రాదు అంటే మీకు రాదు అని ఒకరోజు. అక్క పుల్లవిరుపుగా అంటుంది, వినబడలేదంటుంది, సగం మాటకి మొహం తిప్పుకుంటుంది. ఆమె చీపురుపుల్ల ఊపుతూ జవాబు చెప్తుంది. ఆమె వెళ్ళాక అక్క నా దగ్గరికి వచ్చి, "రాక్షసిలా ఉన్నానా? ఏమైనా అనుకుంటుందంటావా?" అని దిగులుపడేది. రాత్రి ప్రార్థనలో ఆ పిల్ల పేరు నాకంటే ముందు అక్కే తలుచుకునేది. మా ఇంట్లో చీపుర్లు మాత్రం పదేళ్ళకి సరిపడా తయారయ్యాయి.

క్లాసులో నేనూ కొత్త అలవాటు చేసుకున్నాను. ఆమె మాట్లాడుతుంటే నోట్లో లవంగం పెట్టుకునేదాన్ని. లవంగం ఉందని గుర్తొస్తే మాట ఆగుతుంది. ఆరో వారానికి డబ్బా ఖాళీ అయింది.

పరీక్ష రోజు రానే వచ్చింది. కమిటీలో ముగ్గురు. మధ్యలో ఒక పెద్ద ప్రొఫెసరు గారు, ఈ చుట్టుపక్కల ఊళ్ళ మనిషే, వెన్నలాంటి మనిషి. ఆయన్ని చూడగానే నాకు భయమేసింది. వెన్నలాంటివాళ్ళతోనే కదా వచ్చిన చిక్కంతా! ట్రైనింగ్ ఇచ్చినవాళ్ళు వెనక వరసలో కూర్చోవచ్చు, పెదవి విప్పకూడదు. నాకు లవంగాలు కూడా లేవు.

మగపిల్లలు ఆరుగురూ గట్టెక్కారు. ఆమె లేచింది. మొదలు బాగానే పెట్టింది. తెగులు తగిలితే ముందు పిందెలు రాలతాయి, తర్వాత కింది మట్టలు పసుపెక్కుతాయి, చివరికి తల ఊడి పడిపోతుంది. గొంతు పెద్దది, అక్కకి వినబడే గొంతు. "ఇప్పుడు మా ఊళ్ళో చెట్లు..." అని ఆగింది.

ఆగింది అంటే మామూలుగా ఆగడం కాదు. గోడ గడియారం చప్పుడు వినబడుతోంది. నా నాలుక చివర ఉంది మాట, చచ్చిపోయాయి. కొంగు పళ్ళ మధ్య పెట్టి కొరికాను. పక్కన ప్రిన్సిపాల్ పెదాలు కదుపుతున్నాడు, మోకాలి మీద గిల్లాను. ఇంకో రెండు క్షణాలు. ప్రొఫెసరు గారి మనసు ఆగలేదు. ముందుకి వంగి, ఎంతో ప్రేమగా, "స్తంభాలు, అంతేకదమ్మా? స్తంభాల్లా ఉన్నాయి" అని అందించేశారు.

అయిపోయింది అనుకున్నాను. ఇప్పుడు ఆయ్ అంటుంది, కూర్చుంటుంది.

ఆమె చెయ్యెత్తింది. "సర్, దయచేసి ఆగండి. నా మాట నేను వెతుక్కుంటున్నాను."

మా ప్రాంతంలో పెద్దాయన్ని అలా ఆగమన్న మనిషిని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆమె కిటికీ వైపు చూసింది. బయట కాలేజీ గట్టు మీద కొబ్బరి చెట్లు ఊగుతున్నాయి. అప్పుడు చెప్పింది, మెల్లిగా, ఒక్కొక్క మాటా ఏరుకుంటూ.

"మా అమ్మ సాయంత్రం గుమ్మంలోకి వచ్చి తల ఎత్తి చూస్తుంది. గాలి ఎటు వీస్తోందో చూడటం ఆమె అలవాటు. చెప్పడానికి పైన ఆకు లేదు. అయినా రోజూ తల ఎత్తుతుంది. ఆమె చూసేసరికి పైన ఒక ఆకు ఉండాలి. అందుకే వచ్చాను."

చచ్చిపోయాయి అన్న నా మాటని తలుచుకుంటే నాకు తల కొట్టేసినట్టయింది. ఎన్నిసార్లు అందించాను దాన్ని! ఆ నోట్లో ఇంత మాట ఉందని, దానికి తోవ ఇవ్వాలని తెలియక.

ప్రొఫెసరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇంగ్లీషు పరీక్ష అన్న సంగతి మర్చిపోయి, "ఆయ్" అన్నారు. ప్రశ్నలు అడిగారు, ఆమె చెప్పింది. ఈసారి ప్రతి జవాబుకీ ముగ్గురూ చేతులు కట్టుకుని ఆగారు. సాయంత్రానికి కాగితం అంటించారు. ఏడు పేర్లూ ఉన్నాయి.

ఆమే నేనూ ఆటోలో ఇంటికి వస్తుంటే టిఫిన్ సెంటరాయన రోడ్డుకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "ఏమైందండీ?" అని నన్నే అడిగాడు. నేను ఆమె వైపు చూపించాను. ఆమె చెప్పింది. ఆయన నాలుగు పెసరట్లు పొట్లం కట్టుకొచ్చి, "ఇంక అడగకుండా పెట్టొచ్చాండీ?" అన్నాడు. పెట్టొచ్చన్నాను.

గేటు దగ్గరే నేను "అక్కా!" అని నోరు తెరిచాను. ఆమె చెయ్యి నా భుజం మీద పడింది. "నేను చెప్తాను" అంది.

అక్క అరుగు మీద కొబ్బరాకుల మధ్య కూర్చుని ఉంది. పొద్దుట్నించీ అక్కణ్ణించి లేచినట్టు లేదు. తీసిన పుల్లలు లేవు, ఆకు ఆకుగానే ఉంది. ఆమె వెళ్ళి అక్క ఎదురుగా గొంతుక్కూర్చుంది. ఏడుపో నవ్వో అడ్డుపడి గొంతు సన్నగా వచ్చింది, రెండడుగుల వెనకాల ఉన్న నాకే సరిగా అందలేదు.

"నేను తిరిగి వెళ్ళడం లేదు. ఇక్కడే చదువుకుంటాను."

అక్క ఏంటీ అనలేదు. లౌడర్ అనలేదు. మొదటిసారికే వినబడింది.